రాజుగారికి వెళ్ళని గరిటె

మొదటే చెప్పేస్తాను: నేను పెంచి చెబుతాను. నేను చూసింది పిల్లి అయితే, మీకు చెప్పేటప్పటికి దానికి చారలు వస్తాయి. మీరు ఇంకాస్త ఓపిగ్గా వింటే గాండ్రిస్తుంది కూడా. మా ఆవిడ నేను చెప్పే ప్రతి సంగతినీ నాలుగు భాగాలు చేసి, మూడు చెత్తబుట్టలో వేసి, మిగిలిన దాన్ని పక్కింటివాళ్ళను అడిగి రూఢి చేసుకుంటుంది. ఈ కింద రాసేదాన్ని మీరూ అలాగే చదువుకోండి. ఒక్కటి మాత్రం హామీ. ఎక్కడ అబద్ధం చెప్పానో చివర్లో నేనే చెబుతాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మజ్జిగ కలుపుతున్నాను. ఉదయగిరి ఎండ సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట: ఆ వేళకు మా దుర్గం కొండ కూడా నీడ వెతుక్కుంటూ రెండడుగులు పక్కకు జరుగుతుంది. ఫోను మోగింది. టీ కొట్టు మస్తానయ్య.

"సారూ, పెద్దాయన పోయినాడు. పొద్దున పీట మింద కూర్చోని చెంచా చెక్కతా చెక్కతా వొరిగినాడంట. సాయంత్రం నాలుక్కి సమాధికి తీసకపోతారంట. రా."

నా చేతిలో మజ్జిగ గరిటె ఆగిపోయింది. ఆ గరిటె ఆయన చెక్కిందే.

ఆయనంటే నాకు ఇష్టం లేదు. ఈ ముక్క పెంచింది కాదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కలానికి కాస్త తేనె పూయాలంటారు గానీ, ఈయన విషయంలో తేనెటీగలే ఒప్పుకోవు. నేను బడిలో తెలుగు చెబుతాను. ఊళ్ళో నలుగురు నాకు నమస్కారం పెడతారు. ఆయన ఒక్కసారీ పెట్టలేదు. "సారూ" అనేవాడు. ఆ రెండక్షరాల్లో "నీకు జీతం దండగ" అన్న మాట కూడా వినిపించేది.

మనిషి అయిదడుగులు. కనుబొమలు మాత్రం ఆరడుగుల మనిషివి. వాటి నిండా రంపపు పొట్టు చేరి ఉండేది, ఆయన తుమ్మితే ఎదుటివాడి టీ చిక్కబడేది. కళ్ళద్దాలు సోడాబుడ్డి అడుగులు. చేతిలో ఉన్న చెంచా కొండంత కనబడేదేమో గానీ, పది గజాల అవతల అంతా పొగమంచే. ఒకసారి బస్టాండులో నిలబెట్టిన ఫ్లెక్సీ బొమ్మను పట్టుకుని పావుగంట సేపు మా వీధికి నీళ్ళు ఎందుకు రావడం లేదని నిలదీశాడు. బొమ్మ బదులు చెప్పకుండా నవ్వుతూ ఉండటం చూసి, నిజమైన నాయకుడేనని ఇంకా గట్టిగా నమ్మాడు.

కొండ మీద దొరికే నర్ది కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కడం ఆయన పని. మా ఊరి చెక్క చెంచాలకు బయట మంచి పేరుంది. కొత్త గరిటె తయారైతే దాన్ని సంచిలో వేసేముందు తనే దాంతో పొగలు కక్కే గంజి తాగేవాడు. ఎందుకయ్యా అంటే, "చేసినోడి నోరు ముందర కాలాల. తర్వాతే ఊరోళ్ళ నోట్లో పెట్టాల" అనేవాడు.

ఇంకో అలవాటు ఇంతకంటే ప్రమాదకరమైనది. ఆయన బాప్టిస్టు. వాళ్ళ సంఘంలో పాస్టరును పై నుంచి ఎవరూ దింపరు. అందరూ కూర్చుని, మాట్లాడుకుని, చేతులెత్తి పెట్టుకుంటారు. గోడకు సున్నం కొట్టాలన్నా, పాడైన మైకు మార్చాలన్నా చేతులే. ఆ చేతులు లెక్కపెట్టే పని ముప్పై ఏళ్ళుగా ఆయనది. లేచి నిలబడి, చెక్కుతున్న చెంచాను వేలులా చాపి, ఒక్కొక్క చేతినీ పొడుస్తున్నట్టు లెక్కపెట్టేవాడు. అది చర్చిలో ఆగి ఉంటే ఎవరికీ బాధ లేదు. ఆ జబ్బును ఆయన బజారుకు పట్టుకొచ్చాడు. మస్తానయ్య టీలో అల్లం వెయ్యాలా వద్దా, చేతులెత్తండి. ఆత్మకూరు బస్సులో పాటలు ఆపాలా వద్దా, చేతులెత్తండి. ఒకరోజు డ్రైవరు కూడా చెయ్యెత్తేసరికి బస్సు చింతచెట్టు దాకా వెళ్ళి దాన్ని పలకరించి వచ్చింది.

"ఏంది పెద్దాయనా, పొద్దు పొడవాలంటే కూడా చేతులెత్తాల్నా?" అని నేనొకసారి ఎత్తిపొడిచాను.

"పొద్దు మన మాట వినదులే సారూ. మన మాట వినాల్సినోళ్ళ కాడ మనం చెయ్యెత్తకపోతే, ఆళ్ళు కూడా పొద్దులాగా నెత్తిన కూర్చుంటారు."

ఇక యేసురత్నం సంగతి. పెద్దాయన భార్యకు ఒక్కడే తమ్ముడు. సీతారామపురంలో వాన పడితే సేద్యం, పడకపోతే ఆకాశం వంక చూడటం. చూసి చూసి మెడ పట్టేసి, సముద్రం అవతలి ఒక రాజ్యానికి డ్రైవరుగా వెళ్ళాడు. ఆ రాజ్యం పేరు రాయను. అక్కడ రాజుకు ఒక్కడికే చేతులుంటాయి, మిగతా జనానివి జేబుల్లో ఉంటాయి. కూలీలు ఉండే షెడ్లకు మూడు రోజులు నీళ్ళు రాలేదు. ఇతను ఖాళీ డ్రమ్ములనూ, వాటి ముందు నిలబడ్డ మనుషులనూ ఫోనులో వీడియో తీసి స్నేహితులకు పంపాడు. మర్నాడు పొద్దున ఇద్దరు వచ్చి బండెక్కించుకుని పోయారు. పక్క మంచం మనిషి ఫోను చేసి ఆ మాట చెప్పాడు. ఆ తర్వాత ఏడాది దాటినా ఏ కబురూ లేదు. ఉన్నాడా, లేడా, ఏ జైలు, ఏ నేరం, ఏమీ లేదు. పెద్దాయన అర్జీలు పెట్టాడు. ఆమె మాత్రం రోజూ అన్నం వడ్డిస్తూ ఒక్కటే అడిగేది: "ఏమన్నా తెలిసిందా?" ఆయన తలొంచుకుని తినేవాడు.

అలాంటి రోజుల్లో పేపర్లో వార్త వచ్చింది. మన దేశం ఆ రాజ్యంతో రక్షణ ఒప్పందం చేసుకోబోతోందట. సముద్రంలో ఓడలకు కాపలా, సైనికులకు శిక్షణ, అనుమానం ఉన్న మనుషుల సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం. టీ కొట్టు దగ్గర గట్టిగా చదివింది నేనే. చదవడంతో ఆగితే బాగుండేది. వ్యాఖ్యానం కూడా చేశాను.

"మంచిదే. దేశం అన్నాక బలమైనోళ్ళతో స్నేహం ఉండాల. వాళ్ళింట్లో రాజుంటే మనకేంది, ఇంకొకరుంటే మనకేంది? మనకు బందోబస్తు ముఖ్యం."

కనుబొమలు లేచాయి. రంపపు పొట్టు రాలింది.

"సారూ, నీ చేనుకి కాపలాగా ఒకణ్ణి పెట్టుకున్నావనుకో. ఆడు ఇంట్లో పెళ్ళాన్ని సావగొడతా ఉండాడు. పోయి అడగతావా?"

"అది వాళ్ళింటి గొడవ."

"అదీ! అడగవు. అడిగితే రేపట్నించి కాపలాకి రాడని భయం. కాపలా నీ చేనుకి కాదు సారూ, నీ నోటికి పెట్టుకున్నావు."

మస్తానయ్య గ్లాసులు కడగడం ఆపేశాడు. నేను ఊరుకుంటానా? పదిమంది ఉన్నారు.

"పెద్దాయనా, నీ బామ్మర్ది ఒక్కడి కోసం దేశం కాపలా మానుకోవాల్నా?"

"కాపలా మానమని ఎవురన్నారు? ఎవురితో పెట్టుకుంటా ఉండామో చూస్కోమంటా ఉండా. ఆ రాజుని ఆళ్ళ ఊరోళ్ళు పెట్టుకోలా. ఆయనకి ఒక్క చెయ్యి లేవలా. రేపు ఆయనకి కోపమొస్తే మన కాగితం చించతాడు, అడిగేవోడు ఉండడు. ఆయన పోతే ఇంకోడు వచ్చి, ‘అది మా నాయన మాట, నాది కాదు’ అంటాడు. ఒప్పందం దేశంతో అయితే దేశం ఉంటాది. ఒక్క మనిషితో అయితే ఆడికి జలుబు చేసినా మనం తుమ్మాల." టీ ఒక గుక్క తాగాడు. "ఇంక సమాచారం అంటివి. యేసురత్నం తీసిన వీడియో కూడా సమాచారమేనా? రేపు ఆ రాజు, ‘ఉదయగిరిలో ఒక ముసిలోడు టీ కొట్టు కాడ నన్ను తిడతా ఉండాడు’ అని రాస్తే, మనోళ్ళు నా పేరు రాసుకుంటారా?"

"దేశమంటే మీ చర్చి కాదులే."

"కాదు. మా చర్చిలో అయితే సంతకం పెట్టేవోడి నోరు కూడా కాలతాది. దేశంలో కాలేది యేసురత్నం నోరు." గ్లాసు కింద పెట్టాడు. "సరే, చేతులెత్తండి. ఈ ఒప్పందం ఇట్టానే కావాలనేవోళ్ళు?"

నేను చెయ్యెత్తాను. నాతో పాటు లేచిన ఇంకో చెయ్యి కలిగిరి బస్సు కోసం నిలబడి చంక గోక్కుంటున్న ఒక పరాయి మనిషిది. ఆయన నిజాయితీగా దాన్నీ లెక్కపెట్టాడు. "రెండు." వద్దనేవాళ్ళ చేతులు లేచాయి. పల్లీలు అమ్మే ఆమె, ఆటోవాళ్ళు, రేషను కోసం వచ్చినవాళ్ళు. చివరికి మస్తానయ్య కూడా నీళ్ళు కారుతున్న చేతిని ఎత్తాడు. అందరి ఇళ్ళలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక ఎడారిలో బండి తోలుతున్నారు మరి. ఆ సాయంత్రం దాకా నేను ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. పళ్ళు నూరి నూరి ఒక పన్ను అరంగుళం తగ్గింది.

నెల తిరక్కముందే ఒక ఆఫీసరు ఊళ్ళోకి వచ్చాడు. ఒప్పందం రోజున ఆ రాజుగారికి మనవాళ్ళు ఇచ్చే కానుకల్లో ఉదయగిరి చెక్క చెంచాల పెట్టె ఉంటుందట. మఖమల్ గుంటల్లో పన్నెండు రకాలు, మధ్యలో పెద్ద గరిటె. చెక్కాల్సింది పెద్దాయన. పంపేముందు ఆత్మకూరులో సన్మానం.

ఆయన ఆఫీసరును రంపంతో తరుముతాడని ఊరంతా చూడటానికి వచ్చింది. తరమలేదు. "చేస్తా" అన్నాడు. నాకు పండగయింది. వీధిలో ఆపి మరీ అడిగాను: "ఏంది పెద్దాయనా, చెయ్యెత్తకుండానే రాజుకి వొంగినావే?"

"మైకు ఇస్తారంటనా?" అని అడిగాడు.

"సన్మానం అన్నాక ఇస్తారు."

"చాలు" అని వెళ్ళిపోయాడు.

ఆత్మకూరులో కల్యాణ మండపం. కుర్చీలు నింపడానికి అయ్యవార్లను రమ్మన్నారు, మా బడి నుంచి నేను. టీ క్యాను మోసుకొచ్చిన మస్తానయ్య నా పక్కన కూర్చున్నాడు. ఆ రోజు కోసం తెల్ల చొక్కా వేసుకున్నాడు, నాదీ తెల్లదే, ఎన్నికల డ్యూటీకి వచ్చినవాళ్ళలా ఉన్నాం. వెనక చెంచాలు చెక్కే ఆడవాళ్ళు, బస్సు డిపోలో పనిచేసేవాళ్ళు. వేదిక మీద శాలువాలు ఎన్ని ఉన్నాయంటే, పరిస్తే నెల్లూరు దాకా రోడ్డు కనబడదు.

ఆయన మెడలో దండ వేశారు. మైకు ఇచ్చారు. ఆయన దండ తీసి మైకుకు వేశాడు. పెట్టె తెరిచాడు. మధ్యలోంచి పెద్ద గరిటె తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అయ్యా, దీంతో నిన్న గంజి తాగినా. నా నోరు కాలింది. గరిటె బాగుండాది" అన్నాడు. "మా బామ్మర్ది యేసురత్నం ఆ రాజు దేశంలో యాడుండాడో తెలీదు. నీళ్ళు రాలేదని ఫోన్లో చూపించినాడు, అంతే. సంతకాలప్పుడు మనోళ్ళు ఆ రాజు పక్కన కూర్చుంటారు గదా. ముందర ఒక్క మాట అడగమనండి. ‘మా మనిషి యాడుండాడయ్యా?’ అని. అడిగినారంటే ఈ గరిటె నేనే మోసకపోయి ఇస్తా. అడగం అంటే ఇది నాతోనే ఉంటాది. అడిగినాకే సంతకం అనేవోళ్ళు, చేతులెత్తండి."

ఆఫీసరు లేచాడు. "పెద్దాయనా, ఇది ఓటింగు కాదండీ. సన్మానం."

"సన్మానం నాకే గదా సామీ? నాకు ఇదే సన్మానం."

అప్పుడు లేచిన మొదటి చెయ్యి నాది. ఎంత జోరుగా లేచిందంటే ఫ్యాను రెక్కకు తగిలి రెక్క వంకరపోయింది. ఆ గాలికి వేదిక మీది శాలువాలు మూడు ఎగిరిపోయాయి. నా వెనక గాజులు గలగలమన్నాయి. ఆడవాళ్ళ చేతులు లేచాయి, డిపోవాళ్ళ చేతులు లేచాయి. గోడవారగా నిలబడ్డ వంటవాళ్ళు కూడా ఎత్తారు. పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని, గరిటె చాపి, వరసలు వరసలుగా లెక్కపెట్టాడు. నా వైపు వచ్చినప్పుడు గరిటె ఒక్క క్షణం ఆగింది.

"అడగక్కర్లేదనేవోళ్ళు?"

వేదిక మీద ఒక్క చెయ్యీ లేవలేదు. అన్నీ శాలువాల కింద ఉన్నాయి.

"మీరు కూడా మావైపే అయితే మంచిది" అని గరిటె చంకలో పెట్టుకుని బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున మా ఇంటికి వచ్చాడు. గరిటెను రెండు చేతులతో నా ముందు పెట్టాడు.

"నీ చెయ్యి చూసినా సారూ. గవర్నమెంటు నౌకరీ చేసే చెయ్యి. టీ కొట్టు కాడ అవతల పక్క లేచిన చెయ్యి. మారినోడి చెయ్యి రెండు చేతుల పెట్టు." ఆ పైన, ఇన్నేళ్ళలో మొదటిసారి, నాకు నమస్కారం పెట్టాడు.

ఒప్పందం జరిగిపోయింది. టీవీలో రాజుగారూ మనవాళ్ళూ చేతులు పట్టుకుని ఎంతసేపు ఊపారంటే, కరెంటు పుట్టేలా ఉంది. చెంచాల పెట్టె ఒక బల్ల మీద ఉంది. "అడిగినారా?" అని పెద్దాయన భార్య అడిగిందట. "పెట్టె మూత కూడా తియ్యలా" అన్నాడట ఈయన.

ఆ తర్వాత ప్రతి సోమవారం ఆత్మకూరు బస్సు. ఒక ఆఫీసులో ఒక బల్ల ముందు నిలబడి అదే ప్రశ్న. మొదట్లో "విచారణలో ఉంది" అనేవాళ్ళు. ఒప్పందం అయ్యాక మాట మారింది: "ఇప్పుడు వాళ్ళు మనకు మిత్రులు పెద్దాయనా. ఊరికే అడిగితే బాగుండదు." టీ కొట్టు దగ్గర ఆ మాట చెప్పి నా వంక చూశాడు. కాపలావాడి పెళ్ళాం కథ మళ్ళీ చెప్పనక్కర్లేకపోయింది. అంత చక్కగా, అంత త్వరగా, మన చేత్తోనే మన నోరు మూయించుకునే ఏర్పాటును రక్షణ అంటారని నాకు అప్పుడు తెలిసింది. నా తెలుగు పంతులు బుర్రకు ఆ మాట అర్థం ఎక్కడానికి ఒక మనిషి ఆనవాలు లేకుండా పోవాల్సి వచ్చింది.

ఆయన సమాధి దగ్గర మట్టి వేసి వెనక్కి తిరిగితే, ఆయన భార్య పిలిచింది. చేతిలో మడతపెట్టిన పాత అర్జీ ఉంది.

"సారూ, సోమారం సోమారం పోయేవోడు పోయినాడు. ఇంక ఎవురు పోతారు? ఆయన చెప్పినాడు, సారు అందరికంటే ముందర చెయ్యెత్తినాడని. మా తమ్ముడి కాగితం నువ్వు రాయి సారూ. నీ మాట వింటారు."

"రాస్తానమ్మా" అన్నాను.

ఇప్పుడు మాట ప్రకారం అబద్ధం ఒప్పుకోవాలి. కనుబొమలు కొంచెం పెంచాను, అంతే. బస్సు చింతచెట్టు దాకా వెళ్ళలేదు, కాస్త వంగింది. ఫ్లెక్సీ బొమ్మ నిజం, కలిగిరి మనిషి చంక నిజం, మైకుకు దండ నిజం. అబద్ధం ఒక్కటే. నా చెయ్యి.

అది లేవలేదు. ఎదురుగా ఆఫీసరు ఉన్నాడు. చెయ్యెత్తితే సీతారామపురం బడికి బదిలీ చేస్తారని, అక్కడికి రోజుకు బస్సులు తక్కువని, ఆ కాస్త సేపట్లో ఇంత దూరం ఆలోచించాను. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాని మీద ఎడమచెయ్యి పెట్టి కూర్చున్నాను. లేచిన తెల్ల చొక్కా చెయ్యి మస్తానయ్యది. ఆ కళ్ళద్దాలకు మా ఇద్దరి మధ్య తేడా తెలియలేదు. మర్నాడు గరిటె తెచ్చి నమస్కారం పెడితే, "అది నాది కాదు పెద్దాయనా" అనే నాలుగు ముక్కలు నా నోట్లోంచి రాలేదు. గరిటె పుచ్చుకున్నాను. బతికున్నంతకాలం ఆయన లెక్కలో నేను ఒకటి. చర్చిలో ముప్పై ఏళ్ళు ఒక్క చెయ్యి తప్పు లెక్కపెట్టని మనిషి, నా దగ్గర తప్పాడు.

ఆమె ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే, అర్జీకి బదులు ఇదంతా వచ్చింది. ఆ తర్వాతే అర్జీ మొదలుపెట్టాను. అందులో నా విద్య పనికిరాదు. ఒక్క మాట పెంచినా, ఆ మాట పట్టుకుని మొత్తం అవతల పారేస్తారు. ఇంతే రాశాను:

"సీతారామపురం మనిషి యేసురత్నం మీ మిత్ర రాజ్యంలో ఎక్కడున్నాడో అడిగి చెప్పండి."

కింద నా పేరు, నా ఉద్యోగం, బడి పేరు, సంతకం. రేపు సోమవారం. బస్సులో నా పక్క సీటు మస్తానయ్యది. ఆ గరిటె అతనిదని దారిలో చెప్పాలి.